యాసకు సిగ్గెందుకు?

ర్యాప్ సంగీతం అనగానే మనలో చాలామంది చెవులు మూసుకుంటారు. "తిట్లూ, కేకలూ తప్ప అందులో ఏముందండీ?" అని తీర్పు కూడా చెప్పేస్తారు. ఆ తీర్పుకు ముందు ఒక్క ఆల్బమ్ వినమని నా మనవి. అమెరికా దక్షిణాదిన ఉన్న అట్లాంటా నుంచి 1995 నవంబరులో వచ్చిన గూడీ మాబ్ బృందం వారి "సోల్ ఫుడ్" అది.

ఆనాటికి ర్యాప్ అంటే న్యూయార్క్, లేకపోతే లాస్ ఏంజిలిస్. దక్షిణాది వాళ్లంటే పల్లెటూరి బైతులని చిన్నచూపు. ఆ ఏడాది ఆగస్టులోనే న్యూయార్క్‌లో జరిగిన "సోర్స్" పత్రిక అవార్డుల సభలో, అట్లాంటా కుర్రాళ్లైన అవుట్‌కాస్ట్ జంటకు బహుమతి ప్రకటిస్తే జనం గేలి చేశారు. ఇరవై ఏళ్ల ఆంద్రే మైకు ముందుకొచ్చి, దక్షిణాదికీ చెప్పవలసిన మాట ఉందని ఒక్క ముక్క అని దిగిపోయాడు. ఆ మాటేమిటో మూడు నెలలకు "సోల్ ఫుడ్" వినిపించింది.

ఈ రెండు బృందాలూ పాటకు సాన పట్టుకున్నది రికో వేడ్ తల్లిగారింటి అడుగున, గచ్చు లేని మట్టి నేల గదిలో. ఆ గదికి "డంజన్", అంటే చీకటికొట్టు, అని పేరు పెట్టుకున్నారు. ఆ మట్టివాసన పాటల్లోకీ దిగింది. నింపాదిగా నడిచే డ్రమ్ములు, బరువైన బేస్ గిటారు. తల్లిదండ్రులిద్దరూ చర్చి బోధకులైన సీలో గొంతులో ర్యాప్ ఎక్కడ ఆగి ప్రార్థన ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం.

"సెల్ థెరపీ" పాటలో పియానో గుబులు పుట్టించేలా మోగుతుంది. పేదల కాలనీల చుట్టూ గేట్లు ఎవరికోసమని ఆ పాట నిలదీస్తుంది. ఇది వట్టి ఊహ అనుకునేరు! 1936లో మొదలైన ప్రభుత్వ కాలనీ టెక్‌వుడ్ హోమ్స్‌ను, 1996 ఒలింపిక్స్‌కు ముస్తాబవుతూ అట్లాంటా నగరం కూలగొట్టింది ఆ రోజుల్లోనే. ఆ పాట బిల్‌బోర్డ్ ర్యాప్ సింగిల్స్ పట్టికలో మొదటి స్థానానికెక్కింది.

మరి బూతులు లేవా? ఉన్నాయి. వాటిని నేను వెనకేసుకురాను. అయితే తల్లుల రుణం తలుచుకునే "గెస్ హూ" పాట కూడా ఇందులోనిదే. మాట మొరటైనంత మాత్రాన మనసు మొరటైపోదు గదా!

ఇందులో "డర్టీ సౌత్" అనే పాట ఉంది. మురికి దక్షిణం! ఇంకెవరో ఆ మాట అనేలోగా తామే అనుకుని తలెత్తుకున్నారు. తర్వాత ఆ ప్రాంతపు ర్యాప్ మొత్తానికి అదే పేరు స్థిరపడింది. గేలిపాలైన అవుట్‌కాస్ట్‌కే 2004లో ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి వచ్చింది. వీళ్లు న్యూయార్క్ యాసను అరువు తెచ్చుకుని ఉంటే, న్యూయార్క్‌కు ఇంకో నకలు మిగిలేది, అంతే.

మిత్రులారా! యాస విని నవ్వేవాళ్లు మన తరగతి గదుల్లోనూ ఉన్నారు. నవ్వు భరించలేక నోరు కట్టేసుకున్నవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్లు కాస్త చెవి ఒగ్గాలి. రెండోవాళ్లు మాత్రం గొంతు సవరించుకుని, ఇంట్లో మాట్లాడే మాటతోనే మాట్లాడాలి.