లారీ దిగిన పొక్లెయిన్‌కు దారేది?

విశాఖపట్నం: కాలువలో పూడిక తీయాలన్నా, పైపులైను వేయాలన్నా, పరిశ్రమకు స్థలం చదును చేయాలన్నా ముందుగా ఆ ఊరికి చేరేది పొక్లెయిన్. ఫ్రాన్సు దేశపు ఒక కంపెనీ పేరు తెలుగునాట యంత్రానికే పేరైపోయింది. తయారీదారు ఎవరైనా జనం నోట అది పొక్లెయినే. పెద్ద రోడ్ల మీద ఈ యంత్రం లోబెడ్ ట్రాలీపై దర్జాగా ప్రయాణిస్తుంది. చిక్కంతా ట్రాలీ ఆగిపోయిన చోట మొదలవుతుంది. ట్రాలీ తిరగలేని మలుపు వద్ద యంత్రాన్ని దింపి, అక్కడి నుంచి పని జరిగే చోటికి దాని సొంత చైన్ల మీదే నడిపిస్తారు. ఆ దూరం అర కిలోమీటరు ఉండవచ్చు, కొన్నిచోట్ల అంతకు మించీ ఉండవచ్చు. దారిలో పంచాయతీ తారురోడ్డు, పంట బోదె, వరి మడి వస్తాయి. వాటికి కలిగే నష్టాన్ని ఎవరు భరించాలన్నది మాత్రం ఏ కాగితంలోనూ స్పష్టంగా తేలదు.

రోడ్డు దాటే వేళ తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. పొక్లెయిన్ తారురోడ్డు అంచుకు రాగానే హెల్పర్ పాత లారీ టైర్లను చైన్ల ముందు పడేస్తాడు. యంత్రం వాటి మీదుగా కదులుతుంది. వెనుక మిగిలిన టైర్లను అతడే పరుగున తెచ్చి మళ్లీ ముందు వేస్తాడు. బరువైన తవ్వకపు యంత్రాలను నేల మీద నడిపించేందుకు ముక్కలు ముక్కలుగా పరిచే తాత్కాలిక దారి అన్న ఆలోచనకు ఇది పేదవాడి రూపం. ఉపాయం మంచిదే. అయితే కదులుతున్న ఇనుప చైనుకు రెండడుగుల దూరంలో వంగి పనిచేసే ఆ కుర్రవాడి ప్రాణం ఆపరేటర్ చూపు మీదే ఆధారపడి ఉంటుంది. టైర్లు నాలుగో ఐదో మాత్రమే ఉంటాయి గనుక అవి రోడ్డును అడ్డంగా దాటడానికే సరిపోతాయి. రోడ్డు వెంబడి నిలువునా నడవవలసి వచ్చినప్పుడు టైర్లు ట్రాలీలోనే ఉండిపోతాయి.

నష్టం ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే రెండు కొలతలు చాలు. గ్రామీణ సడక్ యోజన కింద వేసే రోడ్ల పైపూత సాధారణంగా 20 మిల్లీమీటర్ల తారు పొర. 20 టన్నుల తరగతి పొక్లెయిన్ చైను పలకలపై నిలిచి ఉండే ఇనుప గట్ల ఎత్తు రెండు, రెండున్నర సెంటీమీటర్లు. అంటే గట్టు పూర్తిగా దిగితే పూత కింది కంకర దాకా చేరుతుంది. తిన్నగా నడిచినంత సేపు కేవలం గీతలు పడతాయి. మలుపు వద్ద ఒక చైనును ఆపి రెండోదాన్ని తిప్పినప్పుడు ఆ గట్లు తారును నాగలిలా పెకలిస్తాయి. ఎండకు తారు మెత్తబడిన మే నెలలో ఇది మరీ ఎక్కువ. తొలకరికి ఆ గాట్లలో నీరు నిలిచి, ఏడాది తిరగక ముందే గుంతలవుతాయి. ఈ పథకం రోడ్లకు ఐదేళ్ల నిర్వహణ బాధ్యత రోడ్డు వేసిన గుత్తేదారుదే. పాడుచేసింది వేరే పని చేసే వేరే గుత్తేదారు యంత్రమైనప్పుడు మొదటివాడు తప్పు తనది కాదంటాడు, రెండోవాడు పని ముగించుకుని వెళ్లిపోతాడు. గుంతలు ఊరికి మిగులుతాయి.

పొలంలో సంగతి వేరు. చైన్ల యంత్రం నేలపై మోపే సగటు ఒత్తిడి నిజానికి తక్కువ. 21 టన్నుల బరువును 60 సెంటీమీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల పొడవు నేలను తాకే రెండు చైన్ల మీద పంచితే చదరపు సెంటీమీటరుకు అర కిలో వస్తుంది. మడిలో నడిచే గేదె గిట్ట కింద ఒత్తిడి ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. పొక్లెయిన్లు ఎక్కడైనా నడుస్తాయన్న ధీమా ఈ లెక్క నుంచే పుట్టింది. కానీ నిండిన బకెట్‌తో యంత్రం పక్కకు తిరిగినప్పుడు బరువంతా ఒక చైను అంచు మీదికి ఒరుగుతుంది. పైగా గేదె అడుగు లోతుతో ఆగిపోయే ఒత్తిడి, యంత్రం వెడల్పును బట్టి మీటరు లోతు దాకా పాకుతుంది. మడిలో నీరు నిలవడానికి ఆధారమైన అడుగు పొర చెదిరితే నీరు ఇంకిపోతుంది. పైమట్టి అణిగి గట్టిపడితే వేరు దిగదు. నలిగిన బోదెను మళ్లీ తీయకపోతే దిగువ మళ్లకు నీరందదు. నష్టపరిహారం మాట వచ్చిన చోట కూడా అది పట్టాదారుతో మాట్లాడి ముగించుకునే వ్యవహారంగానే తరచూ సాగుతుంది. ఆ మడిని దున్నుతున్న కౌలు రైతు పక్కనే నిలబడి చూడవలసిందే.

విశాఖ నేల గుణం ఈ సమస్యను మరింత పెంచుతుంది. నేటి లోపలి నౌకాశ్రయం ఒకప్పుడు ఆటుపోట్లకు మునిగి తేలే చిత్తడి నేల. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో 1927 నుంచి 1933 వరకు సాగిన నిర్మాణంలో దాన్ని తవ్వి ఓడలు వచ్చే లోతు చేశారు. తవ్వి తీసిన మట్టితో చుట్టుపక్కల పల్లాలను మెరక చేశారు. ఆ పరిసరాల్లోనూ, మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే వైపునా అడుగున ఉన్నది మెత్తని సముద్రపు బంకమట్టి. పైన ఎండి పెచ్చుకట్టినట్టు కనిపించే ఈ మట్టి బరువైన యంత్రం నిలిచి పనిచేస్తే కింది నుంచి జారుతుంది. దిగబడిన పొక్లెయిన్‌ను లాగడానికి రెండోదాన్ని తెచ్చి, అదీ దిగబడితే మూడోదాని కోసం వెతకడం యంత్రాల యజమానులకు తెలియని అనుభవం కాదు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. చైన్లు రాక ముందు తవ్వకపు యంత్రాలు రైలు పట్టాల మీదే నడిచేవి. ఆవిరితో పనిచేసే ఆ పెద్ద పారల ముందు కూలీలు కొద్దిపాటి పట్టాల ముక్కలు పరిచేవారు. యంత్రం కదిలి ముందుకు వెళ్లగానే వెనకటి ముక్కలను తెచ్చి మళ్లీ ముందు వేసేవారు. 1904 నుంచి 1914 వరకు అమెరికా తవ్వించిన పనామా కాలువలో ఇలాంటి ఆవిరి పారలే పనిచేశాయి. పట్టాలను స్లీపర్లతో సహా ఎత్తి పక్కకు జరిపే యంత్రాన్ని అక్కడి రైల్వే అధికారి డబ్ల్యూ.జి. బియర్డ్ రూపొందించారు. జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేసిన 1942 నాటి యుద్ధకాలంలో అమెరికా సైన్యం మెత్తని నేల మీద విమానాలు దిగేందుకు రంధ్రాల ఇనుప పలకలను పరిచింది. పదడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పున్న ఒక్కో పలక బరువు 30 కిలోలు. ఇద్దరు మనుషులు మోసి, కొక్కేలతో ఒకదానికొకటి తగిలిస్తే రన్‌వే తయారయ్యేది. నేడు పాశ్చాత్య దేశాల్లో పొలాల మీదుగా పైపులైను వేసేటప్పుడు బోల్టులతో బిగించిన దుంగల చాపలు, ప్లాస్టిక్ పలకలు పరచడం మామూలు విషయం.

ఇక్కడ వాడుకలో ఉన్నది స్టీల్ ప్లేటు. ఆరు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లేటు సుమారు 1,400 కిలోలు తూగుతుంది. పొక్లెయిన్ గొలుసు తగిలించి దాన్ని తానే ఎత్తి ముందు వేసుకోగలదు. ఒక్కో చైను కింద ఒక్కో ప్లేటు వంతున జత వేస్తే ఆరు మీటర్ల దారి ఏర్పడుతుంది. అర కిలోమీటరు నడవాలంటే ఇలా 83 సార్లు వేయాలి. జతకు ఐదు నిమిషాలు అనుకున్నా దాదాపు ఏడు గంటలు. అదే దూరాన్ని ప్లేట్లు లేకుండా గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో నడిపిస్తే పది నిమిషాలు. యంత్రానికి అద్దె గంటల లెక్కన. ప్లేట్లు ఎందుకు వేయరన్న ప్రశ్నకు సమాధానం ఈ రెండు అంకెల మధ్యనే ఉంది. ఆ ఏడు గంటల అద్దె ఇచ్చేవాడు లేనప్పుడు ఆపరేటర్‌ను నిందించి ప్రయోజనం లేదు. తాత్కాలిక దారుల ఖర్చు పని రేట్లలోనే కలిసి ఉన్నట్టు భావించడం మన టెండర్లలో ఆనవాయితీ. విడిగా చెల్లింపు లేనిదాన్ని మిగుల్చుకోవడమే గుత్తేదారు లాభం.

ప్లేట్లకు వేరే ఇబ్బందులూ ఉన్నాయి. ఇరవై ప్లేట్లు తేవాలంటే 28 టన్నులు, అంటే అదొక పెద్ద లారీ లోడు. ఆ లారీ మళ్లీ అదే ఇరుకు రోడ్డులోకి రావాలి. మందం 12 మిల్లీమీటర్లకు తగ్గిస్తే బరువు తగ్గుతుంది గానీ నాలుగైదు సార్లు వాడేసరికి అప్పడంలా వంగుతుంది. వానలో ఇనుము మీద ఇనుము జారుతుందన్న ఆపరేటర్ల భయమూ నిజమే. పైన అడ్డంగా కడ్డీలు వెల్డింగ్ చేయించితే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఉక్కు నగరమని పేరున్న విశాఖలో మరో విశేషం ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం ప్లేట్లు తయారు చేయదు. కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, ఛానెళ్లు దాని ఉత్పత్తులు. ప్లేటు కావాలంటే వేరే రాష్ట్రాల కర్మాగారాల సరకు కొనవలసిందే. అయితే 100 మిల్లీమీటర్ల ఛానెళ్లు పదిహేను పక్కపక్కన పేర్చి వెల్డింగ్ చేస్తే అదే కొలత పలక 900 కిలోల లోపే వస్తుంది, ప్లేటు కంటే వంగడమూ తక్కువే. అడ్డపట్టీల బరువు కలుపుకున్నా లాభమే. గాజువాక ఆటోనగర్ షాపులకు ఇది చేతకాని పని కాదు.

బరువైన యంత్రాలను తరలించే విద్య ఈ నగరానికి తెలియనిదీ కాదు. ఉక్కు కర్మాగారపు ముడిసరకు యార్డులో ఖనిజాన్ని గుట్టలు పోసే, తవ్వి తీసే భారీ యంత్రాలు తమకోసం వేసిన పట్టాల మీదే కదులుతాయి. 2001లో విధుల నుంచి విరమించిన ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామిని, 91 మీటర్ల పొడవైన ఆ నౌకను, సముద్రం నుంచి ఇసుక మీదికి లాగి 2002 ఆగస్టులో రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలబెట్టారు. ప్రహరీ లోపల, ప్రతిష్ఠాత్మకమైన పనుల్లో దారి గురించి ముందే ఆలోచిస్తారు. గ్రామానికి వచ్చేసరికి ఆ ఆలోచన ఉండదు.

చట్టం సైతం ఈ చివరి అర కిలోమీటరును వదిలేసింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నిర్మాణ యంత్ర వాహనానికి ఇచ్చిన నిర్వచనం రబ్బరు టైర్లు, రబ్బరు ప్యాడ్లు, ఉక్కు డ్రమ్ముల మీద నడిచేవాటిని పేర్కొంటుంది. ఉక్కు చైన్ల యంత్రం అందులో కనిపించదు. రోడ్డుపై సొంతంగా నడిచే ఏర్పాటు లేని, కర్మాగారాలకూ గనులకూ పరిమితమైన యంత్రాలను ఆ నిర్వచనం మినహాయిస్తుంది. ట్రాలీపై ఉన్నంత సేపు వెడల్పు, ఇరుసు బరువుల నిబంధనలు ట్రాలీకి వర్తిస్తాయి. కిందికి దిగాక యంత్రం పంచాయతీ రోడ్డుపై ఉన్నా, రవాణా శాఖ రికార్డుల్లో ఎక్కడా లేనట్టే.

ఈ సందర్భంలో విశాఖ ఉక్కుకు సంబంధించిన ఒక తీర్పు గమనించదగినది. కర్మాగారపు సెంట్రల్ డిస్పాచ్ యార్డులో పనిచేసిన ఒక రవాణా సంస్థకు చెందిన 36 వాహనాలపై వసూలు చేసిన మోటారు వాహన పన్ను వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గోడల మధ్య ఉన్న యార్డు బహిరంగ స్థలం కాదనీ, రోడ్డును వాడుకున్నందుకు వేసేదే ఈ పన్ను గనుక రోడ్డెక్కని వాహనాలపై అది చెల్లదనీ 2025 ఆగస్టు 29న న్యాయస్థానం తేల్చింది. రూ.22,71,700 తిరిగి చెల్లించాలన్న హైకోర్టు సింగిల్ జడ్జి ఆదేశం నిలిచింది. తీర్పు న్యాయమైనదే. అదే సూత్రాన్ని తిరగేసి చూస్తే, రోడ్డెక్కి దాన్ని పెకలించే యంత్రం అందుకు తగిన మూల్యం చెల్లించాలి కదా అన్న ప్రశ్న మిగులుతుంది.

ఆ ప్రశ్నకు ఇప్పుడే తొందర ఉంది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖ సభ నుంచి పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రానికి, నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు పునాదిరాయి వేశారు. పెద్ద ప్రాజెక్టుల ఆవరణలో వేసే దారులు వాటి అంచనాల్లోనే ఉంటాయి. వాటికి నీరు, కరెంటు, అనుసంధాన రోడ్లు తెచ్చే చిన్న పనులే ఊళ్ల మధ్య నుంచి, మళ్ల మధ్య నుంచి సాగుతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక ఈ గ్రామాల్లో చాలావరకు అనకాపల్లి, విజయనగరం యంత్రాంగాల పరిధిలో ఉన్నాయి.

చేయవలసిన పని మరీ పెద్దదేమీ కాదు. పలకల దారిని మీటరు లెక్కన చెల్లించే విడి పద్దుగా టెండరులో చేర్చితే ఏడు గంటల అద్దెకు యజమాని దొరుకుతాడు. దారి పొడవునా పలకలు అవసరం లేదు. తారురోడ్డు మలుపు, బోదె దాటే చోటు, మెత్తని మడి, ఇవే ముఖ్యం. అర కిలోమీటరులో అవి వంద మీటర్లకు మించకపోతే ఏడు గంటల పని గంటన్నరకు దిగుతుంది. యంత్రం దిగే ముందు రోజు పంచాయతీ కార్యదర్శి, ఇంజనీరింగ్ సహాయకుడు రోడ్డును ఫొటో తీసి, వెళ్లాక మరోసారి తీస్తే గుంత ఎవరిదన్న వాదన తగ్గుతుంది. ఆ రెండో ఫొటో తీసే నాటికి గుత్తేదారు చివరి బిల్లు ఇంకా చెల్లించకుండా ఉండాలి. కౌలు రైతు ఉన్న చోట సంతకం అతనిదీ తీసుకోవాలి.