వంగొద్దంటే పత్తి ఏరేదెట్లా?

2024 అక్టోబర్‌లో మియాపూర్ మెట్రో దగ్గర చిరుత అని వీడియో వస్తే, ఇక్కడ బోరబండలో కూడా ఎవరి ఫోన్‌లో చూసినా అదే. అటవీ అధికారులు వచ్చి వెతికి, అడవి పిల్లి అని తేల్చిన్రు. మంచిదే.

నవంబర్ 29న కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న మహిళను పెద్దపులి చంపేసింది. మర్నాడు సిర్పూర్-టి మండలంలో ఓ రైతు మీద పడింది.

పులి ఎదురైతే ఉరకొద్దు, వీపు చూపొద్దు, కూర్చోవద్దు. దాని వైపే చూస్తూ, గట్టిగా అరుస్తూ, మెల్లగా వెనక్కి జరగాలె. ఇవి పనికొచ్చే మాటలే, ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పున్రి. కానీ పత్తి ఏరేటోళ్లు పొద్దంతా వంగే ఉంటరు. వంగిన మనిషి వెనక నుంచి పులికి జంతువు లెక్కనే కనపడతడు. తల వెనక పెట్టుకోమని మాస్కులిచ్చిన్రు, ఇయ్యనీ. పులి తిరిగే రోజుల్ల చేనుకు పోవద్దంటే, ఆ రోజుల కూలి కూడా సర్కారే కట్టియ్యాలె.