నేపుల్స్ తీరాన పిల్లలతో

మధ్యధరా సముద్రతీరం అనగానే మన మనస్సులో మెదిలే చిత్రం ఒకటే: నీలి నీరు, రంగు గొడుగులు, ఇసుకలో గూళ్ళు కట్టుకొనే పిల్లలు. ఇటలీలోని నేపుల్స్ అఖాతానికి వెళ్ళేవారు ఆ చిత్రాన్ని ఇంటివద్దనే వదలి వెళ్ళటం మంచిది. అక్కడ ఎక్కువమంది బస చేసే సొరెంటో పట్టణం నిట్టనిలువు కొండ అంచున కూర్చున్నది. దిగువన ఇసుక బహు స్వల్పం. నీటిలోకి కట్టిన వేదికలమీద పడక కుర్చీలు అద్దెకు తీసుకొని, అక్కడినుంచే సముద్రంలోకి దిగాలి. ఒక పూట ఈతతో పిల్లలకు ఆ ముచ్చట తీరిపోతుంది. కనుక ఈ తీరంలో సెలవు గడపటమంటే రోజుకొక చోటికి వెళ్ళి సాయంకాలానికి తిరిగి రావటమే.

అందుకు తగిన రైలు ఉన్నది. నేపుల్స్ నుంచి సొరెంటోకు ఇంచుమించు గంటా పది నిమిషాలు. హెర్క్యులేనియం, పాంపే స్టేషన్లు దారిలోనే వస్తాయి. వేసవిలో బండి క్రిక్కిరిసి ఉంటుంది. చేతిసంచిని వీపుకు కాక రొమ్ముకు తగిలించుకోవాలి.

ఇటీవల ఐరోపాలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు వేసవికి తల్లిదండ్రులను రప్పించుకొని, పసిపిల్లలనూ వెంటబెట్టుకొని ఇటువంటి తీరాలకు వెళ్తున్నారు. వారి చేతిలో ఉండే కార్యక్రమం సాధారణంగా ఇది: ఉదయం పాంపే, మధ్యాహ్నం వెసూవియస్, మరునాడు కాప్రి ద్వీపం. నా ఉద్దేశంలో ఈ వరుస తలక్రిందులుగా ఉన్నది. పిల్లలున్న కుటుంబం మొదట చూడవలసినది పాంపే కాదు, హెర్క్యులేనియం.

పాంపే ప్రాకారం లోపలి వైశాల్యం సుమారు 66 హెక్టార్లు. అందులో మూడింట రెండు వంతులు త్రవ్వి వెలికితీశారు. హెర్క్యులేనియంలో కంటికి కనిపించేది అయిదు హెక్టార్లలోపే. ఏడేళ్ళ పిల్ల కాళ్ళకు రెండు గంటలలో అందే ఊరు అది. స్టేషను నుంచి పల్లంగా పది నిమిషాల నడక. క్రీ.శ. 79లో వెసూవియస్ ప్రేలినపుడు పాంపేమీద బూడిద, తేలికరాళ్ళు వానగా కురిసి ఇండ్ల కప్పులను కూల్చాయి. హెర్క్యులేనియం మీదికి మాత్రం మండే వాయువు, బూడిద కలిసి ప్రవాహంగా వచ్చి, ఊరిని దాదాపు ఇరవై మీటర్ల లోతున పూడ్చివేశాయి. ఆ వేడికి కొయ్య బూడిద కాక బొగ్గయి నిలిచిపోయింది. అందుచేతనే పై అంతస్తులు, గుమ్మాలు, ఒక ఇంటిలో గదిని రెండుగా విడదీసే చెక్క తడిక, మంచాలు, చివరకు ఒక ఉయ్యాల తొట్టి కూడా మనదాకా వచ్చాయి. వీధివారన రాతి అరుగులో నోళ్ళు తెరచుకొని ఉన్న పెద్ద కుండలను చూసి, అది తినుబండారాల అంగడి అని పిల్లలు ఎవరూ చెప్పకుండానే కనిపెడతారు.

ఊరి చివర, ప్రాకారం అడుగున, ఒక కఠినమైన చోటు ఉన్నది. అది ఆనాటి సముద్రతీరం. 2024లో దానిని మళ్ళీ సందర్శకులకు తెరిచారు. నేటి సముద్రం అక్కడికి కొన్ని వందల మీటర్ల దూరాన ఉన్నది. ఆ తీరం నేటి సముద్రమట్టానికి దిగువన పడిపోయింది కనుక ఊరే నీటిని ఎప్పటికప్పుడు పంపులతో తోడివేస్తుంటారు. తీరం వెంట కమానుల వరుస: పడవలు దాచుకొనే కొట్లు. 1980 నుంచి సాగిన త్రవ్వకాలలో ఈ కొట్లలోను, ఎదుటి ఇసుకలోను మూడు వందలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. కొట్ల లోపల ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. ఇప్పుడు కమానుల క్రింద కనిపించేవి వాటి నమూనాలు.

వీళ్ళంతా ఇక్కడికి ఎందుకు వచ్చారని పిల్లవాడు అడుగుతాడు. పడవలు వచ్చి తీసుకుపోతాయని ఎదురుచూశారు. అవి వచ్చేలోగా వేడిగాలి వచ్చింది. ఇంతకు మించి చెప్పనక్కరలేదు. నిద్రపోతున్నారని చెప్పి ప్రక్కకు లాగివేసే తల్లిదండ్రులున్నారు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు ఆ మాటను నమ్మరు. నమ్మినట్టు నటిస్తారు, అంతే. మరీ చిన్నవాళ్ళతో అక్కడికి దిగకుండా పైనుంచే మరలిపోవటం మేలు. ఈ నిర్ణయం మాత్రం గైడుకు వదలకూడదు.

ఇక పాంపే. అక్కడికి వేరే రోజున, తలుపులు తెరిచే వేళకే చేరుకోవాలి. నీడ తక్కువ, ఎండ మనకు కొత్త కాకపోయినా, నాపరాళ్ళ బాటమీద మూడు గంటలు నడవటం వృద్ధులకు కష్టమే. 2024 నవంబరు నుంచి రోజుకు ఇరవై వేలమందికి మించి లోపలికి వదలటం లేదు, టిక్కెట్టుమీద పేరు ఉండాలి. పద్దెనిమిదేళ్ళలోపు వారికి ప్రవేశం ఉచితం. దేవాలయాలు, స్నానశాలలు అన్నీ చూడాలని పట్టుబట్టవద్దు. వీధి దాటేందుకు అడ్డంగా పరచిన ఎత్తు రాళ్ళు, వాటి సందులలో బండిచక్రాలు అరగదీసిన గాళ్ళు, కూడళ్ళలో నేటికీ నీరు వచ్చే తొట్లు, గడపలో రంగురాళ్ళతో పొదిగిన కావలికుక్క: ఒక పూటకు ఇవి చాలు. ఒక రొట్టెలవాని పొయ్యిలో 1862లో బొగ్గయిన రొట్టెలు 81 దొరికాయి. ఒక్కొక్కటి ఎనిమిది ముక్కలుగా తుంచుకొనేందుకు వీలుగా గాట్లు పెట్టి ఉన్నవి. చరిత్ర పుస్తకం ముట్టని పిల్లవానికి కూడా ఈ రొట్టె గుర్తుంటుంది.

పాంపేలో అందరూ వెదికేది మనుషుల అచ్చులను. గట్టిపడిన బూడిదలో శరీరాలు కృశించిపోగా మిగిలిన ఖాళీలలో ద్రవంగా కలిపిన సున్నపు ముద్దను పోసి ఆకారాలను రాబట్టే పద్ధతిని జుసెప్పే ఫియొరెల్లి 1863లో ప్రవేశపెట్టాడు. ఈ అచ్చుల చుట్టూ కథలు అల్లుకోవటం అప్పటినుంచి జరుగుతున్నదే. 1974లో ఒక ఇంటి మెట్ల క్రింద నలుగురు దొరికారు. ఒకరి చేతికి బరువైన బంగారు కడియం, ఆ వ్యక్తి ఒడిలో ఒక పసివాడు. తల్లి, తండ్రి, ఇద్దరు బిడ్డలు అని యాభై ఏళ్ళు గైడులు చెప్పారు, పుస్తకాలు వ్రాశాయి, చూసినవారు కంటతడి పెట్టారు. 2024లో ఆ ఎముకల జన్యుపరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. కడియం ధరించినది పురుషుడు. ఆ పిల్లవానికి, అతనికి రక్తసంబంధమే లేదు.

అనువాదం చేసేవారికి ఈ తరహా పొరపాటు బాగా పరిచయం. ఇంగ్లీషులో ‘సిస్టర్’ అని ఉన్నచోట అక్కా, చెల్లెలా అన్నది తేల్చకుండా తెలుగు వాక్యం ముందుకు నడవదు. మూలంలో జవాబు లేకపోయినా ఏదో ఒకటి వ్రాసివేస్తాం. తరువాత అదే నిజమై కూర్చుంటుంది. ఆ నలుగురికీ మనమే బంధుత్వం కలిపాం. అయితే ఇంత తెలిసిన తరువాత ఆ దృశ్యం చిన్నబోయిందా? పరాయి బిడ్డను ఒడిలోకి తీసుకొని చనిపోయిన మనిషి అని చెప్పవచ్చునా అంటే, అదీ మన ఊహే. ఇద్దరూ ఒకే మెట్ల క్రింద తలదాచుకున్నారు. పిల్లలకు అంతవరకే చెప్పి ఊరుకోవచ్చు. తక్కినది వాళ్ళు అడుగుతారు.

రుజువున్న కుటుంబ కథ కావాలంటే అఖాతానికి ఆవలి కొసన మిసేనం ఉన్నది. రోమను నౌకాదళానికి అధిపతి అయిన పెద్ద ప్లినీ అక్కడ ఉండేవాడు. వెంట తోబుట్టువు, ఆమె పదిహేడేళ్ళ కుమారుడు. కొండమీద మేఘం లేచినపుడు మేనమామ చూడటానికి రమ్మన్నాడు. తనకు చదువుకొనే పని ఉన్నదని కుర్రవాడు వెళ్ళలేదు. వ్రాయవలసిన పాఠం ఇచ్చినది ఆ మేనమామే! ఆయన ఓడలతో ఆపన్నులను ఆదుకోబోయి తిరిగి రాలేదు. మరునాడు భూమి కంపిస్తుండగా తల్లీకొడుకులు ఊరు విడిచారు. తాను నడవలేనని, నన్ను వదలి నీవు పారిపొమ్మని తల్లి వేడుకున్నది. కొడుకు వినలేదు, చేయి పట్టుకొని నడిపించాడు. బూడిద చీకటి క్రమ్మినపుడు జనం కాళ్ళక్రింద నలిగిపోకుండా బాట ప్రక్కకు తప్పుకొని కూర్చున్నారు. ఏళ్ళు గడిచాక, చరిత్రకారుడు టాసిటస్ కోరిన మీదట, ఈ సంగతులను రెండు లేఖలలో వ్రాశాడు. రైలులో పిల్లలకు చెప్పటానికి ఇంతకన్న మంచి కథ నాకు తెలియదు. హోంవర్కు వంకతో ప్రాణం దక్కించుకున్నవాడు మరొకడు ఎక్కడున్నాడు!

వెసూవియస్ ఎత్తు 1281 మీటర్లు. బస్సు చాలా ఎత్తుకు చేరుస్తుంది. పైన గులకబాటమీద అరగంట ఎక్కుడు. గట్టి బూట్లు ఉండాలి, పసివాళ్ళ తోపుడుబండి పనికిరాదు. చివరిసారి ఇది 1944 మార్చిలో ప్రేలింది. దిగువన ప్రమాదమండలమని ప్రభుత్వమే గుర్తించిన ఊళ్ళలో ఆరేడు లక్షలమంది కాపురముంటున్నారు. కాప్రిలో నీలిగుహను చూడటానికి పడవలో వెల్లకిలా పడుకొని మీటరు ఎత్తు ద్వారం గుండా దూరాలి. లోపల ఉండనిచ్చేది అయిదు నిమిషాలు. అల లేస్తే అదీ లేదు. గంటసేపు వరుసలో నిలబడటం ఇష్టంలేని పిల్లలను ఇందుకు బలవంతపెట్టకండి.

పొజ్జువోలికి వెళ్ళేవారు తక్కువ. నిజానికి వింత అక్కడ ఉన్నది. ప్రాచీన అంగడివీధిలో నిలిచి ఉన్న మూడు పాలరాతి స్తంభాలపై, మనిషికి అందనంత ఎత్తున, సముద్రపు ఆల్చిప్పలు తొలిచిన రంధ్రాల పట్టీ కనిపిస్తుంది. నేల సముద్రంలోకి క్రుంగి, మళ్ళీ పైకి లేచిందన్నమాట. చార్లెస్ లయల్ 1830లో ప్రచురించిన భూగర్భశాస్త్ర గ్రంథానికి ముఖచిత్రం ఈ స్తంభాలే. 1982–84 మధ్య ఇక్కడి నేల సుమారు 1.8 మీటర్లు లేచింది. 2005 నుంచి మరల లేస్తున్నది, 2025లో 4.6 తీవ్రతగల భూకంపం వచ్చింది. బయలుదేరేముందు వార్తలు చూసుకోవాలి. పాత గైడు పుస్తకాలు సమీపంలోని సొల్ఫతారా గంధకపు బిలాన్ని పొగడుతాయి. 2017 సెప్టెంబరులో కంచె దాటిన పదకొండేళ్ళ బాలుడు, అతనిని రక్షించబోయిన తల్లిదండ్రులు అక్కడ మరణించారు. దరిమిలా దానిని మూసివేశారు. ఈ తీరాన కంచె ఉన్నచోట పిల్లల చేయి వదలరాదు.

నేపుల్స్ పురావస్తు ప్రదర్శనశాలను చివరి రోజుకు ఉంచుకోండి. మంగళవారం దానికి సెలవు. పాంపేలో 1938లో దొరికిన దంతపు బొమ్మ ఒకటి అక్కడిది. ఎత్తు జానెడుకు కొంచెం ఎక్కువ. ఇరుప్రక్కల ఇద్దరు చెలికత్తెలు, మెడనిండా హారాలు, చేతులకు, కాళ్ళకు వరుసలుగా కడియాలు. మన దేశంనుంచి ఓడలమీద వెళ్ళిన బొమ్మ. దొరికిన వెంటనే లక్ష్మి అన్నారు. దక్కనులోని భోకర్దన్, తేర్‌లలో దొరికిన దంతపు బొమ్మలతో పోల్చి, ఇది యక్షి కావచ్చునని తరువాతి పండితులన్నారు. తలమీద రంధ్రం ఉన్నది కనుక ఏ అద్దానికో పిడి అయి ఉంటుందని కొందరు, పీటకు కోడు అయి ఉంటుందని కొందరు.