తాళాలు ఎవరి పేరు మీద? చిన్న వ్యాపారాల పాస్‌వర్డ్ చిక్కు

2018 జూలైలో కేంద్ర ఆర్థిక శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ పనిని మధ్యవర్తులకు అప్పగించిన వ్యాపారుల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయన్నది దాని సారాంశం. దరఖాస్తు నింపినవారు తమ సొంత ఈమెయిల్, మొబైల్ నంబర్ పెట్టేశారు. ఆ తర్వాత లాగిన్ వివరాలు అసలు యజమానికి ఇవ్వడం లేదు. అలాంటి వ్యాపారులు తమ పరిధిలోని పన్ను అధికారిని కలిసి, పత్రాలు చూపించి, కొత్త మెయిల్, నంబర్ నమోదు చేయించుకోవాలని ప్రభుత్వం దారి చూపింది. తన వ్యాపారం తనదేనని యజమాని ఆఫీసుకెళ్లి నిరూపించుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఈ చిక్కు జీఎస్‌టీతో ఆగదు. పదిమంది పనిచేసే సంస్థల్లో పాస్‌వర్డ్‌లు తరచూ కనిపించే చోట్లు అకౌంటెంట్ డైరీ, ఎక్సెల్ షీట్, వాట్సాప్ గ్రూపు. లేదంటే ఎవరో ఒకరి బ్రౌజర్. ఆ బ్రౌజర్ ఉద్యోగి సొంత మెయిల్‌తో సింక్ అయి ఉంటే, అతను మానేసిన రోజున పాస్‌వర్డ్‌లు కూడా అతని వెంటే వెళ్లిపోతాయి.

పాస్‌వర్డ్ మేనేజర్ అవసరం ఇక్కడే వస్తుంది. ఒక్కో సైట్‌కు ఒక్కో బలమైన పాస్‌వర్డ్ తయారుచేసి, ఎన్‌క్రిప్ట్ చేసిన ఖజానాలో దాచి, ఒకే మాస్టర్ పాస్‌వర్డ్‌తో తెరిచే సాఫ్ట్‌వేర్ ఇది. యజమానులు వెంటనే అడిగే ప్రశ్న: అన్ని తాళంచెవులూ ఒకేచోట పెడితే, ఆ చోటే దొంగల పాలైతే? ఈ భయం ఊరికే పుట్టింది కాదు.

2022 ఆగస్టులో లాస్ట్‌పాస్ సంస్థలోకి హ్యాకర్లు చొరబడ్డారు. తర్వాత ఒక సీనియర్ ఇంజనీరు ఇంటి కంప్యూటర్‌లోకి దూరి అతని మాస్టర్ పాస్‌వర్డ్ పట్టేశారు. కస్టమర్ల ఖజానాల బ్యాకప్ ప్రతులు పోయాయని ఆ డిసెంబర్‌లో సంస్థ ఒప్పుకుంది. యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్షన్‌లోనే ఉన్నాయి కానీ వెబ్‌సైట్ల చిరునామాలు మామూలు అక్షరాల్లో ఉన్నాయి. ఎవరికి ఎక్కడెక్కడ ఖాతాలున్నాయో దొంగలకు తెలిసిపోయింది. మరో లోపం అంతకంటే పెద్దది. మాస్టర్ పాస్‌వర్డ్‌ను ఊహించే ప్రతి ప్రయత్నానికీ కంప్యూటర్ ఎన్ని సార్లు లెక్క తిప్పాలన్నది కొత్త ఖాతాల్లో 1,00,100గా ఉంటే, పాత ఖాతాలు కొన్ని 5,000 దగ్గరే, అంతకన్నా తక్కువ దగ్గర కూడా మిగిలిపోయాయి. ఈ సంఖ్య ఎంత తగ్గితే ఖజానా పగలగొట్టడం అంత తేలిక.

కాబట్టి ధర అడిగే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. సైట్ చిరునామాలు కూడా ఎన్‌క్రిప్ట్ అవుతాయా? భద్రతా ప్రమాణం పెరిగినప్పుడు పాత కస్టమర్లకూ వర్తింపజేస్తారా? బయటివారితో చేయించిన ఆడిట్ నివేదికలు బయటపెడతారా? బిట్‌వార్డెన్ కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు. వన్‌పాస్‌వర్డ్‌లో మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు ఖాతాకో రహస్య కీ కూడా ఉంటుంది కనుక సర్వర్‌లోని డేటా ఒక్కటే దొరికితే సరిపోదు. చెన్నై కేంద్రంగా నడిచే జోహో కూడా వాల్ట్ పేరుతో ఇలాంటిదే అమ్ముతోంది. కీపాస్ పూర్తిగా ఉచితం. అయితే అది సొంత కంప్యూటర్‌లో ఉండే ఒక ఫైలు, బ్యాకప్ బాధ్యత వాడేవారిదే. ఒకరిద్దరు నడిపే దుకాణానికి అది చాలు.

ఎంపిక తప్పేది బ్రాండ్ దగ్గర కన్నా ప్లాన్ దగ్గరే ఎక్కువ. ఒక వ్యక్తిగత ఖాతా తెరిచి, ఆ మాస్టర్ పాస్‌వర్డ్‌ను అందరికీ చెప్పేస్తే వాట్సాప్ గ్రూపుకూ దానికీ తేడా లేదు. వ్యాపార ప్లాన్‌లో ఎవరి లాగిన్ వారిది, పాస్‌వర్డ్‌లు సంస్థవి, ఎవరు ఏది ఎప్పుడు తెరిచారో లాగ్ ఉంటుంది. సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో నివేదించాలని, 180 రోజుల లాగ్‌లు ఉంచాలని సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. చిన్న పరిశ్రమలకు దొరికింది ఆ సెప్టెంబర్ 25 దాకా గడువు మాత్రమే, మినహాయింపు కాదు.

మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే చాలా కంపెనీలు తిరిగి ఇవ్వలేవు. తమకే తెలియకుండా కట్టారు కనుక. యజమాని ఆసుపత్రిలో ఉంటే తెరిచేదెవరు? అడ్మిన్ ద్వారా ఖాతా తిరిగి పొందే సౌకర్యం ఉందో లేదో కొనేముందే చూడాలి, ఇద్దరికి అడ్మిన్ హక్కులివ్వాలి. మానేసిన ఉద్యోగిని జాబితాలోంచి తీసేయడంతోనూ పని అయిపోదు. అతను అప్పటికే చూసిన పాస్‌వర్డ్‌లన్నీ మార్చాలి. చుక్కలు మాత్రమే కనిపించేలా పంచుకున్నా, కంప్యూటర్ తెలిసినవారికి వాటిని బయటికి తీయడం కష్టం కాదు.

అసలు పంచుకోకుండా కుదిరేచోట పంచుకోకపోవడమే మేలు. ఈ-వే బిల్ పోర్టల్‌లో సబ్‌-యూజర్లను పెట్టుకోవచ్చు. బ్యాంకుల కార్పొరేట్ ఖాతాల్లోనూ లావాదేవీ నమోదు చేసేవారికి, ఆమోదించేవారికి వేర్వేరు ఐడీలిస్తారు. మొదట సరిచేయాల్సింది మాత్రం సంస్థ ఈమెయిల్, ఓటీపీ వచ్చే నంబర్. ఆ రెండూ కన్సల్టెంట్‌వైతే ఎంత ఖరీదైన మేనేజర్ కొన్నా, పాస్‌వర్డ్ రీసెట్ బటన్ ఆయన చేతిలోనే ఉంటుంది.

డిజిటల్ సంతకం టోకెన్ సంగతి వేరు. పెన్‌డ్రైవ్ లాంటి ఆ వస్తువు ఏ పాస్‌వర్డ్ మేనేజర్‌లోనూ పట్టదు. చాలామంది యజమానులది ఇవాళ్టికీ ఆడిటర్ గారి సొరుగులో, పిన్ రాసిన చీటీతో సహా ఉంటోంది.