వెనక కూర్చున్నవాళ్లకు తల లేదా?

దసరాకు కొత్త బండి కొనబోతున్న తమ్ముళ్లకు, కొనివ్వబోతున్న అమ్మానాన్నలకు సూర్యాపేట నుంచి ఒక టూవీలర్ మెకానిక్ చేస్తున్న విజ్ఞప్తి ఇది.

పండగ దగ్గరికొచ్చింది. షోరూముల ముందు షామియానాలు లేచాయి. డౌన్‌పేమెంట్ ఎంత, నెలకు కిస్తీ ఎంత, నల్లరంగు ఎప్పుడొస్తుంది అని బేరాలు సాగుతున్నాయి. కొన్న బండి ముందు ఇంటికి పోతుంది, ఆ తర్వాత నేరుగా మా షెడ్లకే వస్తుంది. వచ్చిన కుర్రాడు చెప్పే పనులు ఎప్పుడూ అవే. "అన్నా, శారీగార్డు తీసెయ్యి. వెనక పట్టుకునే హ్యాండిల్ ఊడదియ్యి. అద్దాలు వద్దు. సైలెన్సర్ మార్చు." మొదటి రెండూ వెనక కూర్చునే మనిషి కోసం కంపెనీ బిగించినవి. బండి వచ్చి వారం తిరక్కుండానే ఆ మనిషి లెక్కలోంచి పోతున్నాడు.

హెల్మెట్ సంగతి మరీ ఘోరం. బండితో ఇచ్చిన ఒక్కటీ కవరు కూడా విప్పకుండా అటక మీద ఉంటుంది. రెండోది ఏదిరా అని అడిగితే నవ్వు. "వెనకున్నోళ్లకెందుకన్నా, ఎవడు పట్టుకుంటడు?" ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పట్టుకునేది పోలీసులని వాళ్ల లెక్క. నా బుర్రలో తిరిగే లెక్క వేరు. 14,337.

ఇది నేను వేసిన లెక్క కాదు, కేంద్ర రోడ్డు రవాణా శాఖది. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ పెట్టుకోక పోయినవాళ్లు అందులో 50,029 మంది. వాళ్లలో బండి నడిపినవాళ్లు 35,692 మంది. మిగిలిన 14,337 మందీ వెనక కూర్చున్నవాళ్లే. రోజుకు 39 మంది. వాళ్లు రేజ్ చెయ్యలేదు, కట్ కొట్టలేదు, రాంగ్ రూట్‌లో తోలలేదు. ముందున్న మనిషిని నమ్మి ఎక్కారు, అంతే.

మన దగ్గర అలా నమ్మి ఎక్కేదెవరు? బతుకమ్మకు పుట్టింటికి వచ్చే ఆడబిడ్డ. తమ్ముడు పోయి బండి మీదనే తోలుకొస్తాడు. ఆమె ఒళ్లో చంటిబిడ్డ, హ్యాండిల్‌కు సంచి, ట్యాంకు మీద పెద్ద పిల్లవాడు. తమ్ముడి తలకు హెల్మెట్ ఉంటే ఉంటుంది. అక్క తలకు కొంగు, పిల్లల తలలకు ఎండ. ఆసుపత్రికి పోయే ముసలి తండ్రీ వెనక సీటే, పరీక్షకు పోయే చెల్లె కూడా వెనక సీటే. ఇంట్లో మనం ఎవరిని ప్రాణం అంటామో వాళ్లనే వట్టి తలతో కూర్చోబెడుతున్నాం.

చట్టం తెలియదని ఎవరూ చెప్పొద్దు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ముందు సీటు, వెనక సీటు అని తేడా చూపలేదు. నాలుగేళ్లు దాటిన ప్రతి తలకూ హెల్మెట్ ఉండాల్సిందే. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలుంటే నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు వెయ్యాలి, పిల్లలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి, వేగం 40 దాటకూడదు. బండి మీద వెనక ఒక్కరే కూర్చోవాలని 128వ సెక్షన్ చెబుతుంది. బండితో పాటు రెండు హెల్మెట్లు ఇవ్వాలని 2025లో కేంద్రం ముసాయిదా కూడా వేసింది. కంపెనీ ఇస్తేనే పెట్టుకుంటాం అనేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. తలకాయ కంపెనీది కాదు.

సాకులు మాత్రం చాలా విన్నాను. జడలో పూలు నలిగిపోతాయి. మెడ పట్టేస్తుంది. ఉక్కపోత. ఇక్కడిక్కడే, బస్టాండు దాకే. ఈ చివరి సాకు చెప్పినవాళ్ల బండ్లే లారీలో వేసుకుని మా షెడ్లకు వస్తుంటాయి. ప్రమాదానికి దగ్గరా దూరం తెలియదు. మరొకరు డబ్బు మాట తెస్తారు. లక్ష రూపాయలు దాటిన బండి, దాని మీద స్టిక్కర్లు, ఎల్‌ఈడీ లైట్లు, మోత మోగే సైలెన్సర్. వీటన్నిటికీ ఉన్న డబ్బు వెయ్యీ పదిహేను వందల దగ్గర అయిపోతుందా?

పేరున్నవాళ్ల ఇళ్లు చూసైనా తెలుసుకోండి. 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారి పడ్డాడు. వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. తలకు హెల్మెట్ ఉంది, బతికి వచ్చాడు. అంతకు పదేళ్ల ముందు, 2011 సెప్టెంబరులో, క్రికెటర్ అజహరుద్దీన్ పందొమ్మిదేళ్ల కొడుకు 1000 సీసీ బండి మీద ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాడు. వెనక పదహారేళ్ల బంధువుల అబ్బాయి. కొద్ది రోజుల తేడాతో ఇద్దరూ చనిపోయారు. బండి ముందు కూర్చున్నవాడిది, వేగం ముందు కూర్చున్నవాడిది. వెనక పిల్లవాడు చేసిందేమిటి?

అందుకే కొత్తగా బండి నేర్చుకున్న తమ్ముళ్లకు చెబుతున్నాను. సీసీ చూసి బండి కొనకండి. మీటరులో ఎంత అంకె రాసుందో చూడకండి. వెనక సీటు చూడండి. అక్క, అమ్మ, నాన్న ఎవరు ఎక్కుతారో వాళ్లను షోరూముకు తీసుకుపోయి కూర్చోబెట్టండి. సీటు పొడుగ్గా, చదునుగా ఉందా? పట్టుకోవడానికి గట్టి హ్యాండిల్ ఉందా? ఒక పక్కకు కూర్చునే ఆడవాళ్లకు కాలు పెట్టుకునే చోటుందా? రేసు బండ్లలో వెనక సీటు అరచేతి వెడల్పుంటుంది, నడిపేవాడి భుజాల ఎత్తున ఉంటుంది. బ్రేకు వేస్తే వెనక మనిషి ముందుకు దొర్లి మీద పడతారు. హ్యాండిల్ అదుపు తప్పడానికి అదొక్కటి చాలు.

బరువు కూడా చూడాలి. స్ప్లెండర్ బరువు సుమారు 112 కిలోలు, క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. దాని మీద ఇంకో మనిషి ఎక్కితే సిగ్నల్ దగ్గర రెండు పాదాలూ నేలకు ఆనించి ఆపగలవా? మునివేళ్లే ఆనుతున్నాయంటే ఆ బండి నీకు ఇప్పుడు వద్దు. మొదటి బండికి 100, 110, 125 సీసీ చాలు. రెండేళ్లు నడుపు, చెయ్యి కుదిరాక పెద్దది కొను. 125 సీసీ దాటితే ఏబీఎస్ ఉంటుంది. చక్రం బిగుసుకుని జారిపోకుండా అది కాపాడుతుంది. కానీ ఏబీఎస్ ఉందని వేగం పెంచితే ఆ కాపాడిందంతా అక్కడే ఖర్చయిపోతుంది.

వెనక మనిషి ఎక్కితే బండి మారిపోతుంది. ఇది లైసెన్స్ పరీక్షలో ఎనిమిది వేసినప్పుడు ఎవరూ నేర్పరు. ఒక్కడివే ఉన్నప్పుడు ఆగిన చోట ఇద్దరున్నప్పుడు ఆగదు. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు పదహారు మీటర్లకు పైగా పోతుంది. గేదె కనిపించి చెయ్యి బ్రేకు మీదికి వచ్చేసరికే అంత దూరం అయిపోతుంది, బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాతే. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. ముందు బ్రేకు అంటే భయపడి చాలామంది కాలి బ్రేకే తొక్కుతారు. బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, ముందుది గుంజకుండా మెల్లగా బిగిస్తూ పట్టాలి. ఖాళీ మైదానంలో ఒక ఆదివారం పొద్దున ఇదొక్కటే నేర్చుకో. ముందు ఒక్కడివి, తర్వాత వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని.

ఇద్దరు ఎక్కేటప్పుడు వెనక టైరులో గాలి ఎంతుండాలో బండి పుస్తకంలో వేరుగా రాసి ఉంటుంది. ఆ పుస్తకం తెరిచినవాణ్ణి నేనింకా చూడలేదు. చైను వదులుగా ఉన్నా, టైరు నున్నగా అరిగినా ఇద్దరి బరువుకే ముందు తెలుస్తుంది.

రోడ్ల సంగతి మీకు నేను చెప్పాలా? దసరా వెళ్లగానే కోతలు. రోడ్డు మీద సగం దాకా వడ్లు, చుట్టూ రాళ్లు, రాత్రికి నల్ల పట్టా. వడ్ల మీద బ్రేకు వేస్తే టైరు నిలవదు. వెనక రేడియం స్టిక్కర్ కూడా లేని ట్రాక్టర్ ట్రాలీలు. సున్నం గీత లేని స్పీడ్ బ్రేకర్లు. వాటి మీద ఎగిరిపడేది ముందు కూర్చున్నవాడు కాదు, పట్టుకోవడానికి ఏమీ లేని వెనక మనిషి. ఇక 65వ నంబరు హైవే మీద యూటర్న్ దూరమని ఎదురు దారిలో వచ్చేవాళ్ల సంగతి రాస్తే ఈ కాగితం సరిపోదు. రెండు నిమిషాలు మిగిల్చి ఏం చేస్తార్రా మీరు?

శారీగార్డు గురించి ఒక మాట. చక్రానికి కనీసం సగం అడ్డు ఉండాలని, పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్టులు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. అది అందం కోసం పెట్టింది కాదు. చున్నీ, చీర కొంగు చక్రంలో పడితే మనిషిని లాగి నేలకేసి కొడుతుంది, మెడకు చుట్టుకుంటే ఊపిరి ఆగిపోతుంది. వెనక కూర్చునే అక్కచెల్లెళ్లు చున్నీ, కొంగు చుట్టి దోపుకున్నాకే బండి కదలాలి. ఇది అడగాల్సింది నడిపేవాడు.

హెల్మెట్ కొంటే సరైనది కొనండి. రోడ్డు పక్క బుట్టలో అమ్మే టోపీ హెల్మెట్ చలానా తప్పించుకోవడానికే తప్ప తలకు కాదు. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అంకె రెండూ చూడాలి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. తలకు బిగుతుగా ఉండాలి, అటూ ఇటూ ఊగకూడదు. లోపలి థర్మాకోల్ దెబ్బను తాను నలిగి మింగుతుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలితే పైకి బాగున్నా లోపల పని అయిపోయినట్టే, మార్చేయాలి. దవడ కింద బెల్టు పెట్టకపోతే మనిషి కంటే ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది.

ఇప్పుడు అమ్మానాన్నలకు. ఇంటర్ చదివే పిల్లవాడు అలిగి అన్నం మానేశాడని బండి కొనిచ్చారు సరే. పద్దెనిమిది నిండాయా? పదహారేళ్లకు ఇచ్చే లైసెన్స్ 50 సీసీ దాటని బండికే. మైనరు నడిపి ప్రమాదం చేస్తే 199ఏ సెక్షన్ కింద శిక్ష మీకు: మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. వాడి వెనక ఎక్కేది సాధారణంగా వాడి స్నేహితుడు, అంటే ఇంకో ఇంటి బిడ్డ. మీ ముద్దుకు ఆ ఇల్లు ఎందుకు మూల్యం చెల్లించాలి?

మా వంతు మేము చెబుతున్నాం. కంపెనీ బిగించినవన్నీ ఊడేది మా షెడ్లలో, మా పానాలతో. కాబట్టి మొదట ఆగాల్సింది మా చేతులే. తోటి మెకానిక్ అన్నదమ్ములకు నా మొర: ఈ పండగ నుంచి శారీగార్డు, వెనక హ్యాండిల్, అద్దాలు ఊడదీసే పని ఎవరు ఎంత ఇచ్చినా ఒప్పుకోవద్దు. ఊడదీసినవి తిరిగి తెస్తే కూలీ తీసుకోకుండా బిగిద్దాం. నా షెడ్డులో ఇది ఇప్పటికే అమలులో ఉంది. షోరూముల వాళ్లు రంగు, కిస్తీ అడిగినట్టే "వెనక ఎవరు కూర్చుంటారు, వాళ్ల తల కొలత ఎంత" అని కూడా అడగాలి. సర్పంచులు, కౌన్సిలర్లు మైకులో చెప్పాలి. ఆడబిడ్డలు కూడా మొహమాటం వదిలి, హెల్మెట్ లేదంటే ఎక్కనని తమ్ముడి ముఖం మీదే చెప్పాలి.

14,337. ఇది ఒక్క ఏడాది లెక్క. ఈ ఏటి లెక్కలో మన సూర్యాపేట వంతు ఎంతో ఈ పండగకు మీరు కొనే, కొనని రెండో హెల్మెట్ తేలుస్తుంది. ఆయుధపూజ నాడు బండికి దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడానికి మా షెడ్ల ముందు వరస కడతారు. ఈసారి వచ్చేటప్పుడు రెండు హెల్మెట్లు పట్టుకుని రండి. రెండోది లేనివాళ్లు నిమ్మకాయలు మీ ఇంటి ముందే తొక్కించుకోండి, నా షెడ్డు ముందు మీకు చోటు లేదు.