‘అంట’ను ఎవరు కొట్టేసినారు?



1982లో సుజెట్ హేడెన్ ఎల్గిన్ అనే అమెరికా రచయిత్రి లాఆదన్ అని ఒక కొత్త భాష తయారు చేసింది. అందులో వాక్యం చివర ఒక చిన్న మాట వస్తుంది. చెప్పేవాళ్లకు ఆ సంగతి ఎట్ల తెలిసిందో అది చెప్తుంది. తానే చూసుంటే ‘వ’, కలలో చూసుంటే ‘వె’. నమ్మే మనిషి చెప్పుంటే ఒకటి, నమ్మలేని మనిషి చెప్పుంటే ఇంకొకటి.

మన అవ్వలు దీనికి ఆశ్చర్యపడరు. ఒట్టన్‌చత్రం మార్కెట్లో మునక్కాయ వెల ‘పడింది’ అంటే చూసొచ్చినట్టు, ‘పడిందంట’ అంటే ఎవరో చెప్పినట్టు. చెప్పినవాణ్ణి నమ్మొచ్చా లేదా అనేది మాత్రం మనం గొంతులోనే తేల్చాల.

మరి మన కులచరిత్ర పోస్టుల్లో ఆ ‘అంట’ ఏమైంది? ఇంట్లో మనం విన్నది ‘విజయనగరం కాలంలో వచ్చినామంట’. వాట్సాప్‌లో అది ‘వచ్చినాము’ అయింది. సంఘం మలరులో దానికి సంవత్సరం, సేనాపతి, గుర్రాల లెక్క కూడా చేరినాయి! గుర్రాలను ఎవరు లెక్కపెట్టినారు స్వామీ?

‘అంట’ అని రాస్తే నలుగురిలో లోకువైపోతామని కొందరి వాదం. లేని తేదీని పిల్లలు కాలేజీలో చెప్పి, ఆధారం అడిగితే నోరు మూసుకునేది లోకువ కాదా? ‘అంట’ ఉంటే ‘ఎవరు చెప్పినారు’ అని ఆ పిల్లే ముందు మనల్ని అడిగుండేది.

ఈ ఏడు మలరుకు రాసేవాళ్లను మేము అడిగేది ఇంతే. శాసనం చూసుంటే దాని ఫొటో పెట్టండి. తాత చెప్పుంటే ‘అంట’ అనే రాసి, ఏ ఊరి తాతో కూడా రాయండి.