రఫ్ పుస్తకం పారేయకండి!

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన ల్యాబులో ప్రతివాడికీ రెండు పుస్తకాలుంటాయి. ఒకటి రికార్డు, రెండోది అబ్జర్వేషన్ పుస్తకం. రికార్డుకు అట్ట వేస్తాం, పేరు గుండ్రంగా రాస్తాం, బొమ్మలు పెన్సిలుతో ముచ్చటగా గీస్తాం. అందులో లోలకం ఎప్పుడూ బుద్ధిగా ఊగుతుంది. 'జి' విలువ 980కి అటూ ఇటూగా వచ్చి కూర్చుంటుంది. అబ్జర్వేషన్ పుస్తకం సంగతి వేరు. సిరా మరకలు, కొట్టివేతలు, పక్కవాడి దగ్గర చూసి దిద్దిన అంకెలు, మాస్టారి ఎర్రసిరా చీవాట్లు! ఆ రోజు ల్యాబులో నిజంగా ఏం జరిగిందో తెలియాలంటే చూడవలసింది దాన్నే. కానీ పరీక్షలయిన మర్నాడే దాన్ని కిలోల లెక్కన అమ్మేసి బజ్జీలు తినడం మనకు ఆచారమైపోయింది.

మనుషుల చరిత్రకు కూడా ఈ రెండు పుస్తకాలూ ఉంటాయని నా అభిప్రాయం. విగ్రహాలు, జీవితచరిత్రలు, జయంతి సంచికలు రికార్డు. ఉత్తరాలు, అప్పుల పద్దులు, భూమి కాగితాలు, సభల మినిట్సు అబ్జర్వేషన్ పుస్తకం. మొదటిదానికి దండలు వేసి రెండోదాన్ని పొయ్యిలో పెట్టే సమాజానికి తన తప్పులు తనకు తెలియవు. ఈ మాట చెప్పడానికి ఎక్కడో అమెరికాలో ఊరు కట్టిన ఒక డచ్చి పాస్టరుగారి కాగితాల కథ ఎత్తుకుంటున్నాను. మిత్రులు కాస్త ఓపిక పట్టాలి.

* * *

ఆయన పేరు ఆల్బర్టస్ వాన్ రాల్టె. 1811లో నెదర్లాండ్స్‌లోని వన్నెపెర్వీన్ అనే ఊళ్ళో పాస్టరు ఇంట పుట్టాడు. లైడెన్ విశ్వవిద్యాలయంలో చదివాడు. 1834లో ఆ దేశపు ప్రధాన చర్చి నుండి కొందరు విడిపోగా, ఆ తర్వాత ఈయన వారితో చేరాడు. ప్రభుత్వం ఊరుకుంటుందా? అనుమతి లేకుండా ఇరవైమందికి మించి గుమిగూడరాదన్న నెపోలియన్ కాలంనాటి చట్టాన్ని దుమ్ము దులిపి బయటికి తీసింది. ప్రార్థనకు కూడినవాళ్ళకు జరిమానాలు వేసింది. వాన్ రాల్టె కొద్దిరోజులు జైలు కూడా చూశాడు.

దానికి తోడు 1845లో బంగాళాదుంపకు తెగులు వచ్చింది. అక్కడి పేదవాడి కూడు ఆ దుంపే. పచ్చగా ఉన్న చేను కొద్దిరోజుల్లో నల్లబడి కుళ్ళిపోవడమంటే ఏమిటో తెలియాలంటే మా మదనపల్లె వైపు టమోటా రైతును అడగండి. ఫైటోఫ్తోరా అనే ఆ తెగులే టమోటానూ పడుతుంది.

1846లో వాన్ రాల్టె, ఆయన తోడల్లుడు బ్రుమ్మెల్‌కాంప్ కలిసి ఒక కరపత్రం వేశారు. జనం వలస పోవాలని మేమెందుకు అంటున్నాం, పోయినా జావాకు గాక ఉత్తర అమెరికాకే ఎందుకు పోవాలి అన్నది అందులోని చర్చ. జావా అప్పుడు డచ్చివారి వలసరాజ్యం కదా! ఆ ఏడాదే ఆయన కుటుంబంతో రాటర్‌డాంలో 'సదరనర్' అనే ఓడ ఎక్కి నవంబరు 17న న్యూయార్కు చేరాడు. విస్కాన్సిన్ పోదామనుకున్నవాణ్ణి చలికాలం డెట్రాయిట్‌లో ఆపేసింది. చివరకు 1847 ఫిబ్రవరి 9న మిషిగన్ రాష్ట్రపు పడమటి అడవిలో, ఒక సరస్సు పక్కన నిలబడి ఇక్కడే అన్నాడు. అదే హాలండ్ పట్టణం.

తొలి ఏడాది మలేరియా, మశూచి ఆ అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్ళను చుట్టుముట్టాయి. అనాథ పిల్లల కోసం శరణాలయం తలపెట్టవలసినంతగా చావులు. అయినా 1851లో బడి పెట్టారు. అదే పెరిగి 1866లో హోప్ కళాశాల అయింది. ఆ బడిని వాన్ రాల్టె ఆశల లంగరుగా భావించేవాడు. కళాశాల పేరు అందులోంచే వచ్చింది. 1893లో డచ్చి భాషలో ఆయన జీవితచరిత్ర వెలువడింది. నేడు ఊరి నడుమ పార్కులో విగ్రహం ఉంది. ఇంతవరకు రికార్డు పుస్తకం. అట్ట, గుండ్రని అక్షరాలు, అన్నీ సలక్షణంగా ఉన్నాయి.

* * *

ఇక రెండో పుస్తకం తెరుద్దాం.

ఆయన భూమి కాగితాలున్నాయి. అప్పట్లో ప్రభుత్వ భూమి ఎకరా ఒకటింబావు డాలరు. వలసదారుల కోసం కొన్న భూమిలో చాలా భాగం ఆయన పేరుమీదే ఉండేది. ఆయన కొని, తిరిగి వాళ్ళకు అమ్మేవాడు. ఆదివారం ప్రసంగం చెప్పేదీ ఆయనే, సోమవారం భూమి రాసిచ్చేదీ ఆయనే అయితే ఊళ్ళో గుసగుసలు పుట్టవా? పుట్టాయి. కళాశాలకు స్థలం ఇచ్చినవాడూ ఆయనే. రెండూ నిజమే. విగ్రహం రెండో నిజం ఒక్కటే చెబుతుంది. కాగితాలు రెండూ చెబుతాయి.

అమెరికా అంతర్యుద్ధంలో ఆయన కొడుకులు బెంజమిన్, డిర్క్ ఉత్తరాది సైన్యంలో చేరారు. వాళ్ళు ఇంటికి రాసిన జాబులున్నాయి. 1864లో అట్లాంటా దగ్గర డిర్క్ ఒక చేయి పోగొట్టుకున్నాడు. దేశభక్తి మీద మనం ఎన్ని వ్యాసరచన పోటీలు పెట్టుకున్నా, ఒక కొడుకు ఉత్తరం కోసం ఎదురుచూసే ఇంటి సంగతి అలాంటి జాబులే చెప్పాలి.

1869లో వర్జీనియాలో మరో డచ్చి వలస నిలబెట్టబోయి ఆయన విఫలమయ్యాడు. 1871 జూన్‌లో భార్య క్రిస్టినా పోయింది. అదే ఏడాది అక్టోబరులో, షికాగో తగలబడిన రోజుల్లోనే, హాలండ్ పట్టణం కూడా చాలావరకు బూడిదయింది. ఊరికి ఒక పక్కగా ఉన్న ఆయన ఇల్లు మిగిలింది గనుక ఇంట్లోని కాగితాలూ మిగిలాయి. ఎన్ని ఇళ్ళ ఉత్తరాలు ఆ రాత్రి కాలిపోయాయో ఎవరు లెక్కపెట్టగలరు? అయిదేళ్ళ తర్వాత, 1876లో, ఆయన కన్నుమూశాడు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇప్పుడు చెబుతాను. 1850లో వాన్ రాల్టె తన సంఘాలను న్యూయార్కు ప్రాంతపు పాత డచ్చి చర్చి, అంటే రిఫార్మ్‌డ్ చర్చ్ ఇన్ అమెరికాలో కలిపాడు. అది కొందరికి గిట్టలేదు. 1857లో తగవు పడి వేరుకుంపటి పెట్టుకున్నారు. అదే క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ చర్చి. వాళ్ళు గ్రాండ్ రాపిడ్స్‌లో 1876లో పెట్టుకున్న బడి నేటి కాల్విన్ విశ్వవిద్యాలయం. ఇప్పుడు వాన్ రాల్టె కుటుంబపు కాగితాల ముఖ్య సంపుటం ఎక్కడుందనుకున్నారు? ఆ కాల్విన్ విశ్వవిద్యాలయపు హెరిటేజ్ హాల్ భాండాగారంలో! ఆయనతో తెగతెంపులు చేసుకున్నవారి వారసులే ఆయన రాసిన ప్రతి ముక్కా భద్రపరుస్తున్నారు. మన దగ్గర యూనియనులో ప్యానెల్ మారితే, పాత ప్యానెల్ వారి బీరువా తాళంచెవి కూడా దొరకదు కదా!

ఆ ఉత్తరాలు నూటయాభై ఏళ్ళ కిందటి డచ్చి చేతిరాతలో ఉన్నాయి. అక్కడ మనుమల, మునిమనుమల తరాలకు వచ్చేసరికి ఇంటి భాష ఇంగ్లీషైపోయింది. అయినా అర్థంకావడం లేదని పారేయలేదు. ఆ చేతిరాత చదవగలవాళ్ళను కూర్చోబెట్టి, మామూలు అక్షరాల్లోకి ఎత్తించి, ఇంగ్లీషులోకి మార్పించారు. 1848 నుండి 1858 వరకు ఆ సంఘాల పెద్దలు జరిపిన సభల మినిట్సు 1950లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. 1994లో హోప్ కళాశాల వాన్ రాల్టె పేరిట పరిశోధనా సంస్థనే పెట్టింది.

* * *

ఇక్కడ ఒక సొంత సంగతి చెప్పకపోతే నా వ్యాసమూ రికార్డు పుస్తకమే అవుతుంది.

మా తాత ట్రంకుపెట్టె నిండా కాగితాలుండేవి. అన్నీ గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసి రాసే ఆ పాత పద్ధతి మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఉగాదికి సున్నం కొడుతూ అవ్వ ఆ పెట్టె తెరిచింది. "ఏమిరా, ఇవి నీకు సదవనొస్తుందా?" అంది. "రాదవ్వా" అన్నాను. "మీ నాయనకూ రాదు. ఇంక యాలరా ఇవి?" అంది. నీళ్ళపొయ్యిలోకి ఒడినిండా మోసింది నేనే. రెండురోజులు నీళ్ళు బాగా కాగాయి.

రెండేళ్ళ తర్వాత ఉమ్మడి బావి వంతుల మీద తగాదా వచ్చింది. తాతల నాడు వంతులు రాసుకున్న కాగితం ఉంటే చూపమన్నారు పెద్దమనుషులు. నాయన పెట్టె తెరిచాడు, మూశాడు. ఎండాకాలం వంతు మాకు లేకుండా పోయింది. ఆ ఏడు మడి బీడుపడింది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వంతుల కాగితం నేను మోసిన ఒడిలో ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే అసలు బాధ. చదవరానిది పనికిరానిది కాదని నేను నేర్చుకున్న పాఠానికి మా ఇల్లు కట్టిన ఫీజు అది.

* * *

మరి కాగితాలు దాస్తే సత్యమంతా దొరుకుతుందా? దొరకదు. అది కూడా వాన్ రాల్టె కాగితాలే నేర్పుతాయి.

ఆయన కాలు పెట్టిన అడవి ఖాళీ అడవి కాదు. అక్కడ ఒడావా తెగవారి ఊరుంది. వాళ్ళ కోసం 1839లో జార్జి స్మిత్ అనే మిషనరీ పెట్టిన ఓల్డ్ వింగ్ మిషన్ ఉంది. డచ్చివారు వచ్చిన రెండేళ్ళకు, 1849లో, ఒడావావారు ఇళ్ళు వదిలి స్మిత్‌తో సహా ఉత్తరాన దూరప్రాంతానికి తరలిపోయారు. మతస్వేచ్ఛ కోసం, తిండి కోసం ఊరు విడిచి వచ్చినవాళ్ళ పక్కనుండే మరొకరు ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది! వాళ్ళ మనసులో ఏముందో ఇప్పుడు చాలావరకు స్మిత్ దంపతుల డైరీలనుండే ఊహించుకోవాలి. దస్తావేజు ఉన్నవాడి గొంతు నిలుస్తుంది, లేనివాడి గొంతు పక్కవాడి కాగితంలో సగం మాటగా మిగులుతుంది. అందుకే పాత కాగితం చదివేటప్పుడు ఏముందో చూడడంతోపాటు ఎవరు లేరో కూడా చూడాలి. ప్రయోగంలో రాని రీడింగు కూడా ఒక రీడింగే.

అమెరికా సంగతులు మనకెందుకు అంటారేమో. మా అవ్వ నోట ఎప్పుడూ ఆడే 'మదనపల్లె మిషన్ ఆస్పత్రి' అన్న మాటకు మూలం వెతికితే నేను తేలింది ఆ రిఫార్మ్‌డ్ చర్చి దగ్గరే. ఆ చర్చివారి ఆర్కాటు మిషన్ తరఫున పాస్టరూ డాక్టరూ అయిన జేకబ్ చేంబర్లిన్ 1863 నుండి మదనపల్లెలో పనిచేశాడు, తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకున్నాడు, 1908లో అక్కడే పోయాడు. హోప్ కళాశాలలో చదివినవాళ్ళు కొందరు కూడా ఆ మిషనుకు వచ్చారు. అంటే మా పల్లెలవాళ్ళ ప్రస్తావన ఏ పాత ఉత్తరంలోనో, సముద్రానికి అవతల, ఏ అట్టపెట్టెలోనో ఉండవచ్చునన్నమాట. మన ముచ్చట వాళ్ళ కలం నుండి తప్ప మన కలం నుండి దొరకకపోతే తప్పు ఎవరిది?

సోదరీ సోదరులారా, పెద్ద భవనాలు అడగడం లేదు. యూనియను గదిలో చెదలు పట్టని ఒక్క ఇనుప బీరువా చాలు. పాత సంచికలు, జమాఖర్చులు, మినిట్సు అందులో పెడదాం. పొగడ్తలతోపాటు ఫిర్యాదులూ, గెలిచినవారి కరపత్రాలతోపాటు ఓడినవారివీ, సమ్మె నోటీసులూ, వాటికి వచ్చిన జవాబులూ పెడదాం. ఫోనుతో ఫొటో తీస్తే చాలదా అంటారు కొందరు. తీయండి, మంచిదే. కానీ ఫోను మూడేళ్ళకు మారుతుంది. మా తాత పెట్టెలో కాగితం, నేను ముట్టుకునేదాకా, చెక్కు చెదరలేదు.

రెండో పని మరీ తొందరది. సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు ప్రతి ఒక్కరూ తమ ఇంటి పెట్టె తెరవండి. గొలుసుకట్టు చదవగల ముసలాయన మీ ఊళ్ళో ఒక్కడైనా మిగిలుంటే ఆయన పక్కన కూర్చొని ఒక్క కాగితమైనా చదివించుకొని మామూలు తెలుగులో ఎత్తి రాసుకోండి. కాగితం ఇంకా కొన్నేళ్ళు ఆగుతుందేమో గాని, ఆ కళ్ళు ఆగవు.

వచ్చే ఉగాదికి మా ఇంటికి మళ్ళీ సున్నం కొడతారు. పెట్టె అడుగున అంటుకుపోయి బతికిన కాగితాలు నాలుగున్నాయి. ఈసారి వాటిని నేనే మోస్తాను, పొయ్యి దగ్గరికి కాదు, పక్క ఊళ్ళో ఉన్న ఎనభై ఏళ్ళ మాజీ కరణంగారి ఇంటికి.